చంద్రగిరి కోటగోడల వెంట నడవబోయే ముందు

శుక్రవారం వద్దు. రాజమహల్ మ్యూజియానికి ఆ రోజు సెలవు.

ఏడింటికల్లా తిరుపతిలో బస్సెక్కండి. ముందు బయటి గోడలు చూసి, ఎండ ముదిరాక మహల్లోకి వెళ్లండి. కలప వాడకుండా రాయి, ఇటుక, సున్నంతోనే కట్టారు, లోపల చల్లగా ఉంటుంది.

బూట్లు తప్పనిసరి. మా తమ్ముడు హవాయి చెప్పులతో వచ్చి, తెగిన చెప్పు చేత్తో పట్టుకుని ముళ్లకంపలో గెంతాడు పాపం.

ఒక్కొక్కరికి 2 లీటర్ల నీళ్లు.

రాళ్ల సందుల్లో చెయ్యి పెట్టకండి, పాములుంటాయి. పొదల్లోకి వెళ్లేముందు కర్రతో తట్టండి. పాత గోడలెక్కి సెల్ఫీలు అసలే వద్దు. కొండపైకి వెళ్లాలంటే గేటు దగ్గర అడగండి, ఒంటరిగా మాత్రం వద్దు.

గోడల మీద పేర్లు చెక్కే మిత్రుడుంటే ఇంట్లోనే వదిలేయండి. రక్షిత కట్టడాన్ని పాడుచేస్తే 2 ఏళ్ల దాకా జైలు పడొచ్చు.