అమెరికా ‘సెనేటర్’ వార్త చేతికొస్తే

ముప్పై ఏళ్లు విజయవాడలో ఒక పత్రిక డెస్క్‌లో పనిచేశాను. ఏడాదికి ఒకసారైనా కంకిపాడు నుంచో తెనాలి నుంచో ఇలాంటి ఐటమ్ వచ్చేది: ‘అమెరికా సెనేటర్‌గా మన ఊరి మనవడు’. కోటు వేసుకున్న ఫొటో ఒకటి, తాతగారు చెప్పిన నాలుగు ముక్కలు, అంతే. ఇప్పుడు రిటైరై సత్యనారాయణపురంలో ఉంటున్నా, ఇలాంటిది తగిలితే కొత్త సబ్ ఎడిటర్లు నాకు ఫోన్ చేస్తుంటారు. వాళ్లకు చెప్పేదే ఇది.

ముందు ఒక్కటి అడగండి: ఆయన కూర్చునే సభ ఏ ఊళ్లో ఉంది? వాషింగ్టన్ అయితే జాతీయ సభ. ఆస్టిన్, స్ప్రింగ్‌ఫీల్డ్ లాంటి రాష్ట్ర రాజధాని పేరు చెబితే రాష్ట్ర సభ. నెబ్రాస్కాలో ఒకే సభ, మిగతా 49 రాష్ట్రాల్లో రెండేసి. పై సభను అన్నిచోట్లా సెనేట్ అనే అంటారు, చిక్కంతా అక్కడే. ఒబామానే చూడండి. వృత్తికి లాయరు. 1997 నుంచి 2004 దాకా ఇల్లినాయి రాష్ట్ర సెనేటర్. వాషింగ్టన్ సెనేట్‌కు వెళ్లింది 2005లో.

ఇది తెలియక నేను ఒకసారి ‘అమెరికా సెనేట్‌లో తెలుగుబిడ్డ’ అని నాలుగు కాలమ్‌ల హెడ్డింగ్ పెట్టాను. తెల్లారి ఏడింటికల్లా గుంటూరు బ్రాడీపేట నుంచి ఒక వకీలుగారు ఫోన్. ‘‘ఆ సెనేట్‌లో ఉండేది వందమందేనండీ. జాబితా ముందు పెట్టుకుని చూశాను, మీవాడు లేడు’’ అన్నారు. మర్నాడు లోపలి పేజీలో అగ్గిపెట్టంత సవరణ వేసుకున్నాం. ఊళ్లో ఫ్లెక్సీ మాత్రం సంక్రాంతి దాకా అలాగే ఉంది.

పోనీ ఎమ్మెల్సీ అందామా అంటే అదీ కుదరదు. మన మండలిలోకి ఎమ్మెల్యేల ఓట్లతోనో, స్థానిక సంస్థల సభ్యులు, టీచర్లు, పట్టభద్రుల ఓట్లతోనో, గవర్నర్ నామినేషన్‌తోనో వస్తారు. అక్కడి రాష్ట్ర సెనేటర్‌ను నియోజకవర్గంలో ఓటర్లందరూ నేరుగా ఎన్నుకుంటారు. ‘రాష్ట్ర సెనేటర్’ అనే రాయండి. ‘13వ డిస్ట్రిక్ట్’ అని ఉంటే 13వ జిల్లా అనకండి, నియోజకవర్గం అది. కింది సభ పేరు కూడా రాష్ట్రానికో రకం. మేరీలాండ్‌లో సభ్యుణ్ని డెలిగేట్ అంటారు. హైదరాబాద్‌లో పుట్టిన అరుణా మిల్లర్ 2023లో అక్కడ లెఫ్టినెంట్ గవర్నర్ (గవర్నర్ తర్వాతి పదవి) కాకముందు ఆ డెలిగేటే. తెలియనివాడి చేతిలో పడితే ‘సదస్సుకు ప్రతినిధిగా వెళ్లారు’ అని రాసేస్తాడు.

ఆ మనవడు లాయరు కూడా అయితే, ఆ చదువు దగ్గర ఇంకో గొయ్యి ఉంది. జూరిస్ డాక్టర్ అంటే డాక్టరేట్ కాదు, డిగ్రీ అయ్యాక చదివే మూడేళ్ల లా కోర్సు. పేరు ముందు డాక్టర్ తగిలించకండి. ‘బార్‌లో చేరారు’ అని అసలే వద్దు, బెజవాడలో ఆ మాటకు అర్థం వేరు. న్యాయవాదిగా లైసెన్సు వచ్చింది అంటే చాలు. డిస్ట్రిక్ట్ అటార్నీగా చేశారంటే, ఎక్కువ రాష్ట్రాల్లో అది ఎన్నికల్లో గెలవాల్సిన ప్రాసిక్యూటర్ పదవి. మన పబ్లిక్ ప్రాసిక్యూటర్లలా నియామకం కాదు.

తాతగారు ‘‘ఎమ్మెల్యే అయ్యాక కూడా కోర్టుకెళ్తున్నాడట’’ అని కాస్త నొచ్చుకుంటే ఆశ్చర్యపోకండి. టెక్సస్ సభ మామూలుగా రెండేళ్లకోసారి, బేసి సంవత్సరంలో, 140 రోజులకు మించకుండా కూర్చుంటుంది. జీతం నెలకు 600 డాలర్లు. న్యూ హాంప్‌షైర్‌లో కింది సభలోనే 400 మంది, ఏడాదికి తలా 100 డాలర్లు. లాయరు ప్రాక్టీసు మానేస్తే ఇల్లు గడవదు. కాలిఫోర్నియా లాంటి చోట్ల పూర్తికాలం పని, జీతమూ గట్టిదే. కాబట్టి రాష్ట్రం పేరు తెలియకుండా జీతం సంగతి ఎత్తకండి.

‘ఫలానా చట్టం తెచ్చారు’ అని కుటుంబసభ్యులు చెబితే బిల్లు నంబరు అడగండి. ఆ రాష్ట్ర శాసనసభ సైట్‌లో నంబరు కొడితే దాని చరిత్రంతా వస్తుంది. బిల్లు పెట్టడం వేరు, రెండు సభలూ దాటడం వేరు, గవర్నర్ సంతకం వేరు. చాలా బిల్లులు కమిటీలోనే ఆగిపోతాయి. అలా ఆగిందైతే ‘ప్రతిపాదించారు’ అనండి, అందులో నామోషీ ఏమీ లేదు.

ఇక హెడ్డింగ్. జాగా చాలకపోతే డెస్క్‌లో ముందు ఎగిరిపోయే మాట ‘రాష్ట్ర’. ఊరి పేరు తీయండి, ‘తెలుగుబిడ్డ’ తీయండి, ఫొటో ఒక కాలమ్‌కు కుదించండి. ఆ మాట మాత్రం ఉంచండి.