సెలూన్ పెట్టాలనుకుంటున్నారా? ముందు కుర్చీ లెక్క చూసుకోండి

సెలూన్ అనగానే అందరికీ ముందు అద్దాలు, లైట్లు, గోడల రంగు గుర్తొస్తాయి. అవి తర్వాత చూడొచ్చు. మీరు అమ్మేది కటింగ్ కాదు, కుర్చీ మీద గడిచే టైమ్. ఈ రోజు ఖాళీగా పోయిన గంటను రేపు అమ్ముకోలేరు. అందుకే కాగితం, పెన్ను తీసుకుని మొదలుపెట్టండి.

1. రోజుకు ఎన్ని తలలు?

షాపు 10 గంటలు తెరిచి ఉంటుందనుకుందాం, ఒక్కో కటింగ్‌కు ఊడవడం, తుడవడం కలుపుకుని 40 నిమిషాలు. అంటే కుర్చీకి 15 మంది, అదీ కాగితం మీద. మధ్యాహ్నాలు ఈగలు తోలుకుంటూ కూర్చుంటారు, సెలవు రోజు పొద్దున్నే అందరూ ఒకేసారి వచ్చి పడతారు, కాబట్టి సగమే, అంటే 7 మందే వస్తారనుకోండి. కొత్తలో అంతమంది కూడా రాకపోవచ్చు.

ఇప్పుడు అద్దె, జీతాలు, కరెంటు, నీళ్లు, అప్పు వాయిదా కలిపి నెల ఖర్చు వేయండి. దాన్ని 26 పనిదినాలతో భాగించి, వచ్చినదాన్ని ఒక్కో కటింగ్‌పై సామాన్ల ఖర్చు పోగా మిగిలేదానితో మళ్లీ భాగిస్తే, రోజుకు ఎంతమంది వస్తే చేతి డబ్బు పడకుండా షాపు నడుస్తుందో తెలుస్తుంది. ఆ అంకె 12 వచ్చి, మీకున్నది ఒకే కుర్చీ అయితే ఆ అద్దె మీరు మోయలేరు. బేరమాడండి, కుదరకపోతే వేరే చోటు చూసుకోండి.

2. అడ్వాన్స్ ఇచ్చే ముందు

జుట్టు నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. పొట్టి కటింగ్ వాళ్లు మూడు నాలుగు వారాలకు మళ్లీ వస్తారు, షాపును నిలబెట్టేది వాళ్లే. కాబట్టి ఒక్కసారి వచ్చిపోయే జనం కంటే చుట్టుపక్కల కాపురం ఉండేవాళ్లు ఎక్కువున్న చోటే మేలు.

గది నచ్చితే ఎలక్ట్రీషియన్‌ను వెంటబెట్టుకుని వెళ్లండి. ఒక్కో డ్రయ్యర్ 2000 వాట్ల దాకా లాగుతుంది, మూడు కలిస్తే 6000, దానికి తోడు గీజరు, ఏసీ. పాత వైరింగ్ తట్టుకోదు. బేసిన్ కింద జుట్టు ఆపే జాలీ లేకపోతే డ్రైనేజీ పూడుకుపోతుంది, దానికీ చోటుందా చూసుకోండి. స్థానిక ఆఫీసులో రూల్స్ కూడా అప్పుడే అడగండి. కొన్నిచోట్ల షాపు రిజిస్ట్రేషన్ చాలు, కొన్నిచోట్ల కత్తెర పట్టే మనిషికే లైసెన్స్ ఉండాలి.

3. సామాను

రెండు కుర్చీలతో మొదలుపెట్టి, మూడోదానికి ప్లగ్గులు, పైపులు ముందే పెట్టించుకోండి. కుర్చీకీ కుర్చీకీ మధ్య కనీసం మీటరున్నర ఉంటే మోచేతులు తగలవు. లైటు పైనుంచి మాత్రమే పడితే చెవుల పక్కన, గడ్డం కింద నీడ పడి ఎగుడుదిగుడు కనబడదు, అద్దానికి రెండు వైపులా పెట్టించండి. రంగు వేసే చోట సీఆర్ఐ (బల్బు వెలుగులో రంగులు ఎంత అసలుగా కనిపిస్తాయో చెప్పే అంకె) 90 పైనున్న బల్బులు వాడండి, లేదంటే లోపల ముదురు గోధుమగా కనిపించిన జుట్టు గుమ్మం దాటగానే రాగి రంగులోకి తిరుగుతుంది, కస్టమర్ అక్కడి నుంచే వెనక్కి వస్తారు! డబ్బు తక్కువైతే సోఫా మీద తగ్గించుకోండి, కత్తెరలు, ట్రిమ్మర్ల మీద మాత్రం వద్దు. కుర్చీకి రెండు ట్రిమ్మర్లు ఉండాల్సిందే.

4. శుభ్రత, ఇక్కడ మొహమాటం వద్దు

తామర ట్రిమ్మర్ల ద్వారా అంటుకుంటుంది. హెపటైటిస్ బి వైరస్ ఎండిన రక్తంలో కనీసం 7 రోజులు బతికి ఉంటుంది. అందుకే షేవింగ్ బ్లేడు ప్రతి మనిషికీ కొత్తది, అదీ ఆయన చూస్తుండగా కవరు చింపి తీయాలి.

చాలామంది చేసే తప్పేంటంటే, వెంట్రుకలు అంటుకున్న దువ్వెనను అలాగే క్రిములను చంపే మందు నీళ్లలో పడేస్తారు. జిడ్డు, జుట్టు ఉంటే మందు సరిగా పనిచేయదు. ముందు బ్రష్‌తో దులపాలి, సబ్బుతో కడగాలి, తర్వాత ముంచాలి. ఎంతసేపో డబ్బా మీద రాసుంటుంది, చాలావాటికి 10 నిమిషాలు. అంతసేపు పనికి వేరే దువ్వెన కావాలి కాబట్టి సెట్లు ఎక్కువే కొనాలి. ఆల్కహాల్ వాడితే 70 శాతానిదే వాడండి, 99 శాతానిది పని కాకముందే ఆవిరైపోతుంది.

హెయిర్ డై వేసే ముందు 48 గంటల ప్యాచ్ టెస్ట్ (చర్మం మీద కాస్త రాసి, దురద, మంట వస్తాయేమో చూడటం) చేయండి. "నాకేం కాదు, వేసేయండి" అని కస్టమర్ తొందరపెట్టినా సరే.

5. మనుషులు

జీతం, కమిషన్, కుర్చీ అద్దె (పనిచేసే మనిషే మీకు కుర్చీకి అద్దె కట్టి, వసూలు తనే ఉంచుకోవడం), ఈ మూడింట్లో ఏదో ముందే తేల్చుకుని కాగితం మీద రాసుకోండి. చేయి తిరిగిన మనిషి మానేస్తే ఆయన కస్టమర్లూ వెళ్లిపోతారు, కాబట్టి వాళ్ల వివరాలు ఆయన ఫోన్లో కాకుండా షాపు పుస్తకంలో ఉండాలి.

6. తెరిచాక

ఓపెనింగ్ ఆఫర్ అని రేటు సగానికి కోసేయకండి. సగం రేటుకు అలవాటుపడ్డవాళ్లు పూర్తి రేటు వినగానే మొహం చాటేస్తారు. ఆ డబ్బుతో మెడకు చుట్టే పేపర్ పట్టీలు కొనండి. కాలరులో దిగిన ఒక్క వెంట్రుక సాయంత్రం దాకా గుచ్చుతూనే ఉంటుంది, గుచ్చినప్పుడల్లా మీ షాపే గుర్తొస్తుంది.

కటింగ్ అవగానే పుస్తకంలో ఒక ముక్క రాసి పెట్టుకోండి. పక్కల 2వ నంబరు, అంటే 6 మిల్లీమీటర్లు, పైన కత్తెరతోనే, నడినెత్తిన సుడి ఉంది జాగ్రత్త, అని. నెల తర్వాత ఆయన కుర్చీలో కూర్చోగానే "పక్కల రెండో నంబరే కదా సార్?" అని అడగొచ్చు.