క్లయింట్ల వేడుకకు తగిన వినోద కార్యక్రమాన్ని ఎంచుకోవడం ఎలా?

సంస్థలు తమ క్లయింట్ల కోసం జరిపే వేడుకల్లో హాలు, భోజనాలు, ఆహ్వానాలు నెలల ముందే ఖరారవుతాయి. వినోద కార్యక్రమం సంగతి మాత్రం చాలాచోట్ల చివరికి మిగిలిపోతుంది. అప్పటికి బడ్జెట్‌లో ఎంత మిగిలితే అంతలో, ఆ తేదీకి ఎవరు ఖాళీగా ఉంటే వారిని మాట్లాడేస్తారు. ఈ వరుస మారాలి. ప్రదర్శన చూడటమే ముఖ్యమనుకుంటే క్లయింటు తానే టికెట్టు కొనుక్కుని వెళ్లగలరు. మీ ఆహ్వానాన్ని మన్నించి వచ్చారంటే మీ మనుషులతో పరిచయం పెంచుకోవాలన్న ఆసక్తి ఎంతో కొంత ఉన్నట్టే. కాబట్టి ఏ కళాకారుడి పేరు ముందుకు వచ్చినా మొదట వేసుకోవలసిన ప్రశ్న ఒకటే: ఈ కార్యక్రమం అతిథులకూ మనకూ మధ్య మాట కలుపుతుందా, అడ్డుపడుతుందా?

ఎంపిక కళాకారుల జాబితాతో కాకుండా అతిథుల జాబితాతో మొదలుకావాలి. వచ్చేవారు ఒకరికొకరు ముందే తెలుసా, ఏ భాష అందరికీ సౌకర్యంగా ఉంటుంది, కుటుంబ సభ్యులు కూడా వస్తున్నారా, పరస్పరం పోటీలో ఉన్న సంస్థల వారు ఒకే గదిలో కూర్చోబోతున్నారా, వినికిడి, చూపు, నడక విషయంలో ప్రత్యేక ఏర్పాట్లు అవసరమైన వారున్నారా అన్న వివరాలను ఒక పేజీలో రాసుకోండి. దాని కిందే వేడుక ఉద్దేశాన్ని ఒక్క వాక్యంలో రాయండి. ఏళ్ల తరబడి వెంట ఉన్న క్లయింట్లకు కృతజ్ఞత చెప్పే వేడుకకూ, ఇంకా ఒప్పందం కుదరని సంస్థల ప్రతినిధులను పరిచయం చేసుకునే వేడుకకూ ఒకే కార్యక్రమం నప్పదు. మొదటి దానిలో అందరూ కలిసి కూర్చుని ఆస్వాదించే కచేరీ బాగుంటుంది. రెండో దానిలో అదే కచేరీ కొత్తవారిని గంటసేపు మౌనంగా కూర్చోబెట్టి, పరిచయాలకు దొరికిన కాస్త సమయాన్నీ మింగేస్తుంది.

అతిథులు వస్తున్న తొలి అరగంట గురించి ఎక్కువగా ఆలోచించడం మంచిది, ఎందుకంటే ఇబ్బంది ఎక్కువగా ఉండేది అప్పుడే. ఎవరు ఎవరో తెలియదు, చేతిలో గ్లాసు పట్టుకుని ఫోను చూసుకుంటూ నిలబడతారు. ఈ ఘట్టానికి వేదిక మీది ప్రదర్శన కన్నా, అతిథుల మధ్య తిరుగుతూ చేసే దగ్గరి ఇంద్రజాలం చక్కగా సరిపోతుంది. ఐదుగురు నిలబడి ఉన్న చోటికి ఇంద్రజాలికుడు వచ్చి, ఒకరిని పేక ముక్క ఎంచుకోమని, మరొకరిని దాని మీద సంతకం చేయమని అడుగుతాడు. ఆ ముక్క మూడో వ్యక్తి మూసి పట్టుకున్న గుప్పిట్లో ప్రత్యక్షమవుతుంది. అతను పక్క గుంపు దగ్గరికి వెళ్లిపోయాక కూడా ఆ ఐదుగురూ 'ఎలా చేశాడు?' అని వాదించుకుంటూ ఉంటారు. అంతవరకు ముక్కూ మొహం తెలియని మీ ఉద్యోగి, మీ క్లయింటు అలా ఒక మాట మీదికి వస్తారు. మీరు ఆ డబ్బు ఖర్చుపెడుతున్నది ఆ వాదన కోసమే.

అయితే ఇక్కడ లెక్క తప్పకూడదు. 120 మంది అతిథులు ఐదుగురేసి నిలబడితే 24 గుంపులవుతాయి. ఒక్కో గుంపు దగ్గర ఆరు నిమిషాలు పట్టినా మొత్తం 144 నిమిషాలు, అంటే రెండు గంటల ఇరవై నాలుగు నిమిషాలు. మీ దగ్గర ఉన్నది గంటే అయితే ఒక్క కళాకారుడు సగం మందిని కూడా చేరలేడు. ముగ్గురైనా కావాలి, లేదా భోజనాల బల్లల దగ్గర కూడా కొనసాగించేలా ముందే మాట్లాడుకోవాలి. అక్కడికక్కడే వ్యంగ్యచిత్రాలు గీసి ఇచ్చే చిత్రకారుల విషయంలోనూ ఇదే లెక్క వర్తిస్తుంది. తమ వంతు రాకుండానే వెళ్లిపోయిన అతిథికి, ఆ బొమ్మ చేతబట్టుకున్న పక్కవారిని చూస్తే చిన్నబుచ్చినట్టు అనిపించడం సహజం.

సంగీతం పెట్టాలనుకుంటే ధ్వని స్థాయిని ఎవరికో వదిలేయకండి. చుట్టూ శబ్దం పెరిగితే మనిషి తనకు తెలియకుండానే గొంతు పెంచుతాడని ఫ్రెంచ్ వైద్యుడు ఎటియెన్ లొంబార్డ్ 1911లోనే ప్రచురించాడు. ఈ స్వభావాన్ని ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు. హాలులో జరిగేది అదే. సంగీతం కొంచెం పెరిగితే మాటలు పెరుగుతాయి, ఆ మాటల సందడిలో సంగీతం వినిపించక కళాకారులు మరికాస్త పెంచుతారు, చివరికి ఎవరి మాటా ఎవరికీ వినపడదు. మామూలు సంభాషణ మీటరు దూరంలో దాదాపు 60 డెసిబెల్స్ ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో వేడుకలు, వేదికల కోసం సూచించిన 100 డెసిబెల్స్ పరిమితి వినికిడిని కాపాడుకోవడానికి ఉద్దేశించినది. మాట్లాడుకోవడానికి వీలుండాలంటే అంతకన్నా ఎంతో తక్కువలో ఆపాలి. భోజనాల వేళకు పాట కన్నా వాద్య సంగీతం మేలు, ఎందుకంటే పాటలోని మాటలు వింటూ ఎదుటివారి మాటలు వినడం కష్టం. ముందు వైపు రెండు పెద్ద స్పీకర్లు పెట్టి హోరెత్తించే బదులు, హాలంతటా చిన్న స్పీకర్లను తక్కువ స్థాయిలో పెట్టించండి. వేదికకు అతి దగ్గరగా ఉన్న బల్ల దగ్గర ఇద్దరిని ఎదురెదురుగా కూర్చోబెట్టి గొంతు పెంచకుండా మాట్లాడి చూడమనండి. అతిథులు నిండాక మాటల సందడి కూడా తోడవుతుంది కాబట్టి ఆ పరీక్షను హాలు నిండాక మరోసారి చేయాలి.

హాస్య ప్రదర్శన చాలామందికి మొదట తట్టే ఆలోచన. బాగా కుదిరితే దానికి సాటిలేదు. బెడిసికొడితే సర్దుకోవడానికి చోటుండదు, నొచ్చుకున్న క్లయింటు ఆ మాటను ఏళ్లపాటు గుర్తుపెట్టుకుంటారు. అందుకే మెరుపుల్లాంటి తునకలు ఏరి కూర్చిన రెండు నిమిషాల వీడియో చూసి ఎవరినీ ఖాయం చేయవద్దు. ఇటువంటి అతిథుల ముందే చేసిన ఒక పూర్తి ప్రదర్శనను కత్తిరింపులు లేకుండా పంపమని అడగండి. అందులో జోకుల కన్నా ప్రేక్షకుల స్పందనను, ముఖ్యంగా ఒక జోకు పండనప్పుడు ఆ కళాకారుడు ఏం చేశాడన్నదాన్ని గమనించండి. అప్పుడు ముందు వరుసలో కూర్చున్నవారి మీద పడే అలవాటున్న కళాకారుడు ఎంత ప్రతిభావంతుడైనా క్లయింట్ల ముందు నిలబెట్టదగినవాడు కాడు. మతం, కులం, రాజకీయాలు, శరీరాకృతి, హాజరైన సంస్థల అంతర్గత వ్యవహారాలు హాస్యానికి వస్తువు కాకూడదని రాతపూర్వకంగా ఇవ్వండి. మంచి కళాకారులు ఈ షరతులకు నొచ్చుకోరు. పైగా ముందే తెలిసినందుకు సంతోషిస్తారు.

అతిథులను వేదిక మీదికి పిలిచే కార్యక్రమాలన్నింటికీ ఒక నియమం పెట్టుకోవాలి: ముందుగా వారి సమ్మతి తీసుకోకుండా ఎవరినీ పిలవకూడదు. పై అధికారి సరదాగా స్టెప్పులేస్తే అందరూ ఆనందిస్తారని మనం ఊహించుకోవచ్చు గానీ, తన కింద పనిచేసేవారి ముందు నిలబడవలసిన ఆయన మనసులో ఏముందో మనకు తెలియదు. వశీకరణ (హిప్నాటిజం) ప్రదర్శనలను క్లయింట్ల వేడుకలకు అసలు ఎంచుకోకపోవడమే మంచిదని నా అభిప్రాయం, ఎందుకంటే నలుగురిలో మనిషి తన మీద అదుపు కోల్పోవడమే అందులో వినోదం.

పాల్గొనడమంటే వేదిక ఎక్కడమే కానక్కరలేదు. బల్లకు ఎనిమిదిమంది చొప్పున జట్లుగా కూర్చునే క్విజ్‌లో మీ ఉద్యోగులనూ క్లయింట్లనూ ఒకే జట్టులో కలిపి, ప్రశ్నలను ఒక్కరే తేల్చేయలేని విధంగా తయారు చేయిస్తే, సిగ్గరి అయిన అతిథి కూడా పక్కవారి చెవిలో సమాధానం చెప్పడంతో మొదలుపెట్టి మెల్లగా కలిసిపోతారు. ప్రశ్నల్లో మీ సంస్థ చరిత్ర, మీ ఉత్పత్తుల పేర్లు చొప్పించాలన్న కోరిక మాత్రం అణచుకోండి. వినోదం ముసుగులో ప్రకటన వినిపిస్తున్నారని అతిథులు ఇట్టే పసిగడతారు, ఆ క్షణం నుంచి వారి మనసు వేడుకలో ఉండదు.

కార్యక్రమాల వరుసలో ముగింపుకు ప్రత్యేకమైన విలువ ఉంది. మనస్తత్వ శాస్త్రవేత్తలు డేనియల్ కానెమన్, బార్బరా ఫ్రెడ్రిక్‌సన్ తదితరులు 1993లో ప్రచురించిన ఒక ప్రయోగంలో కొందరిని ఒక చేతిని 60 సెకన్లపాటు 14 డిగ్రీల చల్లని నీటిలో ఉంచమన్నారు. రెండో చేతిని అంతే చల్లని నీటిలో 60 సెకన్లు ఉంచి, ఆపై మరో 30 సెకన్లలో నీటిని నెమ్మదిగా 15 డిగ్రీలకు తెచ్చారు. మళ్లీ చేయాలంటే ఏది ఎంచుకుంటారని అడిగితే ఎక్కువమంది రెండోదాన్నే ఎంచుకున్నారు, మొత్తం బాధ దానిలోనే ఎక్కువైనా. అనుభవాన్ని మనం నిడివితో కాకుండా దాని పతాక స్థాయితోనూ ముగింపుతోనూ గుర్తుపెట్టుకుంటామని వారు తేల్చారు. వేడుకకు ఈ సూత్రాన్ని అన్వయిస్తే, ప్రసంగాలు, జ్ఞాపికలు, కృతజ్ఞతలు అన్నీ ముందు భాగంలో ముగించి, ఉత్తమ కార్యక్రమాన్ని చివరికి ఉంచాలి. అది అరగంటకు మించకూడదు. మూడు గంటలు హాయిగా గడిచాక వందన సమర్పణ పేరుతో పదిహేను నిమిషాల పేర్ల జాబితా చదివితే అతిథి గుమ్మం దాటేటప్పుడు మనసులో మిగిలేది ఆ జాబితాయే.

వ్యాఖ్యాత ఎంపికను చాలామంది తేలికగా తీసుకుంటారు, కానీ సాయంత్రమంతా అతిథులు వినేది ఆ గొంతునే. అతిథుల పేర్లు, హోదాలు, సంస్థల పేర్లు సరైన ఉచ్చారణతో ముందురోజే ఆయన చేత చదివించండి. కార్యక్రమం ఆలస్యమైతే దేన్ని కుదించాలో నిర్ణయించే అధికారం మీ సంస్థలో ఒక్కరికే అప్పగించి, ఆ వ్యక్తి ఎవరో వ్యాఖ్యాతకు చూపించండి.

కళాకారులు పంపే సాంకేతిక అవసరాల పత్రాన్ని ఒప్పందం మీద సంతకం చేయకముందే హాలు నిర్వాహకులకు చూపించాలి. వేదిక కొలతలు, పైకప్పు ఎత్తు, విద్యుత్ సామర్థ్యం, సామాను తెచ్చే దారి, సౌండ్ చెక్‌కు పట్టే సమయం అన్నీ అందులో ఉంటాయి. గాలిలో వేలాడుతూ చేసే విన్యాసాలకు తగిన ఎత్తూ బలమైన ఆధారమూ లేవని వేడుక రోజు తెలిస్తే చేయగలిగింది ఏమీ ఉండదు. ఒప్పందంలో నిడివి, రద్దు షరతులు, కళాకారుడు రాలేకపోతే ఎవరు వస్తారు, వీడియో తీసుకునే హక్కు ఎవరిది అన్నవి స్పష్టంగా ఉండాలి. సంగీతాన్ని బహిరంగంగా వినిపించడానికి లైసెన్సు ఎవరు తీసుకోవాలో కూడా అందులోనే రాయించండి.

మరో విషయం చాలా ఆలస్యంగా గుర్తొస్తుంది. అనేక సంస్థలు తమ ఉద్యోగులు స్వీకరించే ఆతిథ్యానికి పరిమితులు విధిస్తాయి, ప్రభుత్వ అధికారులకైతే ఆ నియమాలు మరింత కఠినంగా ఉంటాయి. బ్రిటన్‌లో 2010 నాటి లంచాల నిరోధక చట్టం వంటివి సముచితమైన ఆతిథ్యాన్ని తప్పుపట్టవు గానీ, నిర్ణయాన్ని ప్రభావితం చేసే ఉద్దేశంతో చేసే మర్యాదలను నేరంగా చూస్తాయి. ఖర్చు ఆడంబరంగా కనిపిస్తే క్లయింటు తన సంస్థకు సంజాయిషీ చెప్పుకోవలసి వస్తుంది. కార్యక్రమం ఏమిటో ఆహ్వానంలోనే తెలియజేస్తే, అవసరమైన అనుమతి వారు ముందే తీసుకోగలుగుతారు.

వేడుక ముగిసిన వారంలో, క్లయింట్లతో నిత్యం మాట్లాడే మీ ఉద్యోగుల ద్వారా రెండు ప్రశ్నలు అడిగించండి: ఆ సాయంత్రంలో మీకు ఏది గుర్తుంది, కొత్తగా ఎవరితో పరిచయమైంది? కార్యక్రమం పేరు చెప్పి ఊరుకున్నవారినీ, దానితోపాటు ఒక మనిషి పేరు కూడా చెప్పినవారినీ విడివిడిగా లెక్కించి, తరువాతి వేడుకకు బడ్జెట్ వేసేటప్పుడు ఆ కాగితాన్ని ముందు పెట్టుకోండి.