16 దాటిన అబ్బాయిపై పెద్ద కేసు పడితే: ప్రాథమిక అంచనాకు ఎలా సిద్ధమవ్వాలి

ముందు ఎఫ్‌ఐఆర్ కాపీ తీసుకుని సెక్షన్లు చూడండి. జువెనైల్ జస్టిస్ చట్టం 2015 ప్రకారం, నేరం జరిగిన రోజుకు 16 నిండి 18 నిండనివారిని, అదీ కనీస శిక్ష ఏడేళ్లు లేదా అంతకు మించిన నేరంలోనే (దీన్నే ఘోర నేరం అంటారు) పెద్దవారిగా విచారించే వీలుంది. ఆ 'కనీస' దగ్గరే చాలామంది పొరబడతారు. హత్య (భారతీయ న్యాయ సంహిత, అంటే బీఎన్‌ఎస్, సెక్షన్ 103) ఇందులోకి వస్తుంది. హత్యాయత్నానికి, 109(1)కి, పదేళ్లు, గాయమైతే యావజ్జీవం దాకా వేయొచ్చు గానీ కనీస శిక్ష లేదు. కాబట్టి ఆ ఒక్క సెక్షనే ఉంటే కేసు పిల్లల కేసులు చూసే జువెనైల్ జస్టిస్ బోర్డు దగ్గరే ఉంటుంది.

తర్వాత వయసు. స్కూల్ ఇచ్చిన పుట్టిన తేదీ సర్టిఫికెట్ లేదా టెన్త్ మెమో ముందు చూస్తారు. అవి లేకపోతే మున్సిపాలిటీ లేదా పంచాయతీ ఇచ్చిన జనన ధ్రువపత్రం. ఏదీ లేనప్పుడే ఎముకల పరీక్ష. ఆధార్ ఈ వరుసలో లేదు, దాన్ని నమ్ముకుని రావద్దు. మెమోలో ఒక తేదీ, జనన పత్రంలో మరో తేదీ ఉంటే మొదటి రోజే లాయర్‌కు చెప్పండి.

పట్టుకున్న 24 గంటల్లో, ప్రయాణ సమయం కాక, బోర్డు ముందు హాజరుపరచాలి. లాకప్‌లో ఉంచకూడదు. పెద్ద కేసు కదా, బెయిలు రాదులే అని ఊరుకోకండి. జువెనైల్ జస్టిస్ చట్టం సెక్షన్ 12 కింద ఘోర నేరంలోనూ అడగొచ్చు.

అసలు మలుపు ప్రాథమిక అంచనా, అంటే అబ్బాయిని పెద్దవాడిగా విచారించాలా వద్దా అని బోర్డు చూసే దశ. తప్పు చేశాడా లేదా అన్నది అక్కడ తేల్చరు. నేరం చేయగల మానసిక, శారీరక సామర్థ్యం, పర్యవసానాలు అర్థమయ్యే శక్తి, ఏ పరిస్థితుల్లో జరిగింది అన్నవే చూస్తారు. ఇంటి పరిస్థితులు కనుక్కుని బోర్డుకు చెప్పే ప్రొబేషన్ అధికారి ఇంటికి వస్తే దాచకుండా మాట్లాడండి. చదువు ఆగిపోవడం, మందుల చీటీలు, ఇంట్లో కొట్లాటలు, అన్నీ చెప్పాలి. బోర్డులో పిల్లల మనస్తత్వం చదివినవారు లేకపోతే నిపుణుల సాయం తప్పనిసరని సుప్రీంకోర్టు 2022లో చెప్పింది. ఆ నిపుణులు ఇచ్చే నివేదిక కాపీ లాయర్ అడిగి తీసుకోవాలి. చదవకుండా వాదనకు నిలబడితే ఆ అవకాశం పోయినట్టే.

అంచనాపై బోర్డు ఇచ్చిన ఉత్తర్వు నచ్చకపోతే 30 రోజుల్లో సెషన్స్ కోర్టులో అప్పీలు వేయాలి. పెద్దవాడిగా విచారించాలని బోర్డు చెప్పి కేసు పిల్లల కోర్టుకు వెళ్లినా, పెద్దవాడిగా విచారించాలా వద్దా అని అది మళ్లీ సొంతంగా చూడాల్సిందే. దోషి అని తేలినా 21 ఏళ్లు నిండేదాకా జైలుకు పంపరు. ఉరిశిక్ష గానీ, విడుదలకు వీల్లేని యావజ్జీవం గానీ వేయరు.

లాయర్‌కు డబ్బుల్లేకపోతే 15100కు ఫోన్ చేయండి, ఉచితంగా ఇస్తారు. మొదటి వాయిదాకు ముందే చేయండి.