అగ్రిమెంట్‌లో మీ పేరు లేకపోయినా బ్రిటన్‌లో హౌసింగ్ బెనిఫిట్ అడగొచ్చు

"అగ్రిమెంట్ మీద నీ పేరు లేదుగా, నీకేం రాదు" అని రూమ్‌మేట్ల దగ్గర్నుంచి ఆఫీసులో మనిషి దాకా అందరూ తేల్చేస్తుంటారు. హౌసింగ్ బెనిఫిట్ అంటే అద్దె కట్టుకోడానికి ప్రభుత్వం ఇచ్చే సాయం, దాని రూల్ అలా లేదు. అద్దె కట్టే బాధ్యత ఎవరిది, కట్టకపోతే ఇల్లు వదలాల్సింది ఎవరు అన్నదే బెనిఫిట్ ఇచ్చే ఆఫీసు చూడాలి. కాగితం మీద పేరు ఆ బాధ్యతకు ఒక రుజువు మాత్రమే, ఇంకా వేరే రుజువులూ ఉంటాయి.

అన్నిటికంటే ముందు మీ వీసా చూసుకోండి. స్టూడెంట్, స్కిల్డ్ వర్కర్ వీసాల మీద ఉన్నవాళ్లకు, వాళ్ల డిపెండెంట్లకు మామూలుగా 'నో రికోర్స్ టు పబ్లిక్ ఫండ్స్' అనే షరతు (ప్రభుత్వ సాయం తీసుకోకూడదని) ఉంటుంది. హౌసింగ్ బెనిఫిట్, యూనివర్సల్ క్రెడిట్ (తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకు ప్రభుత్వం నెలనెలా ఇచ్చే సాయం) రెండూ ఆ పబ్లిక్ ఫండ్స్ లెక్కలోకే వస్తాయి కాబట్టి షరతు ఉండగా క్లెయిమ్ చేస్తే వీసాకే ముప్పు. దంపతుల్లో ఒకరికి షరతు ఉండి ఇంకొకరు సిటిజన్ అయితే, ఇమ్మిగ్రేషన్ సలహాదారుణ్ని అడిగాకే ఫారమ్ ముట్టుకోండి.

తర్వాత, ఎక్కడ అడగాలి. పెన్షన్ వయసు దాటినవాళ్లు, కౌన్సిల్ (స్థానిక ప్రభుత్వం) ఇచ్చిన తాత్కాలిక వసతిలోనో కొన్ని రకాల సపోర్టెడ్ ఇళ్లలోనో (సంరక్షణ, సాయంతో కూడిన వసతి) ఉన్నవాళ్లు కౌన్సిల్‌కి హౌసింగ్ బెనిఫిట్ క్లెయిమ్ పెట్టుకుంటారు. మిగతావాళ్లు కొత్తగా అడిగేది యూనివర్సల్ క్రెడిట్‌లో అద్దె భాగం. పేరు లేని అద్దెదారు విషయంలో రెండు చోట్లా ఆలోచన దాదాపు ఒకటే.

భర్త పేరు మీదే అగ్రిమెంట్ ఉండి ఇద్దరూ కలిసే ఉంటున్నారా? అయితే గొడవే లేదు, భాగస్వామి అద్దె బాధ్యత మీదిగానే లెక్క. చిక్కంతా ఆ పేరున్న మనిషి వెళ్లిపోయినప్పుడు వస్తుంది. భర్త వదిలేసి వెళ్లాడు, లేదా అగ్రిమెంట్ ఉన్న అన్నయ్య వేరే ఊరు వెళ్లి అద్దె ఆపేశాడు, మీరేమో ఇంకా ఆ ఇంట్లోనే ఉన్నారు. హౌసింగ్ బెనిఫిట్‌కి 2006 నాటి రెగ్యులేషన్స్‌లో 8వ నిబంధన సరిగ్గా ఇలాంటివాళ్ల కోసమే ఉంది: కట్టాల్సిన మనిషి కట్టడం లేదు, ఇంట్లో ఉండాలంటే మీరే కట్టాలి, మీరు అతని మాజీ భాగస్వామి గానీ లేదా మిమ్మల్ని బాధ్యులుగా చూడటం సబబని అనిపించే ఇంకెవరైనా గానీ. యూనివర్సల్ క్రెడిట్‌కి 2013 రెగ్యులేషన్స్, 2వ షెడ్యూల్. అక్కడ ఇంకో వసతి చూసుకోమనడం మీ పరిస్థితిలో న్యాయం కాదని కూడా చూపాలి. పిల్లల స్కూలు, ఆరోగ్యం, ఎన్నాళ్లుగా ఉంటున్నారు, ఇలాంటివన్నీ అక్కడ పనికొస్తాయి. కౌన్సిల్ ఇళ్ల, హౌసింగ్ అసోసియేషన్ (లాభాపేక్ష లేని అద్దె ఇళ్ల సంస్థ) ఇళ్ల వాళ్లు, పేరున్న మనిషి వెళ్లిపోయిన ఈ పరిస్థితిని 'అన్‌టైడీ టెనెన్సీ' అంటారు. మీ యూనివర్సల్ క్రెడిట్ జర్నల్‌లో (ఆన్‌లైన్ ఖాతాలో మెసేజ్‌లు రాసే చోట) ఆ మాటే రాయండి, లేకపోతే పేరు కనబడలేదని ఆన్‌లైన్ ఫారమ్ దగ్గరే ఆగిపోవచ్చు.

అగ్రిమెంట్ ఉన్నవాళ్ల దగ్గర ఒక గది తీసుకుని వాళ్లకే డబ్బు ఇస్తున్నారనుకోండి, అది వేరే కథ. మీ బాధ్యత ల్యాండ్‌లార్డ్‌కి కాదు, ఆ టెనెంట్‌కి. నోటి మాటతో కుదిరిన అద్దె కూడా అద్దే, ఇంత కట్టాలి అని నిజంగా ఒప్పందం ఉంటే చాలు. కాకపోతే ఓనర్‌కి తెలియకుండా గది ఇచ్చి ఉంటే, కౌన్సిల్ ఓనర్‌ని కదిపిన రోజున ఆ టెనెంట్ ఇబ్బందిలో పడొచ్చు, ముందే మాట్లాడుకోండి. ఆ టెనెంట్ మీ అమ్మానాన్నో, అన్నో, అక్కో, అత్తమామలో అయ్యి ఒకే ఇంట్లో కలిసి ఉంటుంటే మాత్రం రాదు. బెనిఫిట్ కోసం అప్పటికప్పుడు అద్దె కాగితం పుట్టించే ఉచిత సలహాలు కూడా మనవాళ్లలో తిరుగుతుంటాయి, దయచేసి అటు పోకండి, అది మోసం కిందికి వస్తుంది, ఇచ్చిన డబ్బు కూడా వెనక్కి లాగుతారు.

రుజువుల్లో అన్నిటికంటే బరువైనది ల్యాండ్‌లార్డ్ రాసిచ్చే ఉత్తరం. మీరు ఎప్పటినుంచి ఉంటున్నారు, అద్దె ఎంత, కరెంటు గ్యాస్ అందులో కలిసి ఉన్నాయా, అసలు టెనెంట్ ఎప్పుడు వెళ్లాడు, ఇకమీదట మీ దగ్గర అద్దె తీసుకుంటారా, ఇవన్నీ తేదీ, సంతకంతో ఉండాలి. రాయనంటే వాట్సాప్ మెసేజ్‌లు, ఈమెయిల్స్ పనికొస్తాయి. చేతికి క్యాష్ ఇవ్వడం ఈ రోజే మానేసి 'అద్దె, ఫలానా నెల' అని రాసి బ్యాంకు నుంచే పంపండి. కౌన్సిల్ ట్యాక్స్ బిల్లు, జీపీ (మీ ఏరియా డాక్టర్) దగ్గర్నుంచి వచ్చిన ఉత్తరం మీరు అక్కడే ఉంటున్నారని చూపిస్తాయి.

కాగితాలన్నీ పోగయ్యాక అప్లై చేద్దాం అని ఆగకండి. క్లెయిమ్ పెట్టిన తేదీ ముఖ్యం. యూనివర్సల్ క్రెడిట్‌లో వెనక్కి లెక్కగట్టడం కష్టం, ఇచ్చినా ఒక నెలకు మించదు. ముందు క్లెయిమ్ పెట్టేయండి, కౌన్సిల్ అయితే రుజువులకు కనీసం ఒక నెల గడువు ఇవ్వాలి.

ఇంగ్లండ్, వేల్స్‌లో పెళ్లయిన ఆడవాళ్లకు ఇంకో విషయం (మగవాళ్లకూ వర్తిస్తుందనుకోండి). 1996 ఫ్యామిలీ లా యాక్ట్ ప్రకారం భర్త అగ్రిమెంట్ మీద భార్య కట్టే అద్దె, భర్త కట్టినట్టే చెల్లుతుంది, నీ డబ్బు తీసుకోను అని ల్యాండ్‌లార్డ్ అనడానికి లేదు. కానీ వెళ్లిపోయిన భర్త నోటీసిచ్చి టెనెన్సీనే ముగించేసే ప్రమాదం ఉంది, కాబట్టి దాన్ని మీ పేరు మీదికి మార్పించే సంగతి సాలిసిటర్‌తోనో షెల్టర్, సిటిజన్స్ అడ్వైస్ లాంటి ఉచిత సలహా సంస్థలతోనో త్వరగా మాట్లాడండి.

కాదన్నారా? నిర్ణయం రాతపూర్వకంగా, కారణాలతో అడగండి. ఆ ఉత్తరం తేదీ నుంచి ఒక నెల టైమ్. యూనివర్సల్ క్రెడిట్‌లో ముందు 'మ్యాండేటరీ రీకన్సిడరేషన్' (అదే శాఖను నిర్ణయం మళ్లీ చూడమనడం) అడగాలి, ఆ తర్వాతే ట్రిబ్యునల్. హౌసింగ్ బెనిఫిట్‌లో కౌన్సిల్ ద్వారా నేరుగా అప్పీల్‌కే వెళ్లొచ్చు. ఉత్తరంలో "పేరు లేదు" అని మాత్రమే ఉంటే మీ జవాబులో నిబంధన నంబరు వేసి, మీరు బాధ్యులు ఎలా అవుతారో దాని కింద రాయండి. తీర్పు వచ్చేదాకా అద్దెలో కట్టగలిగినంత కడుతూనే ఉండండి, పూర్తిగా ఆపేస్తే బకాయిల పేరుతో ఇల్లు ఖాళీ చేయించే కేసు మొదలవుతుంది, పైగా ఆ రసీదులే అప్పీల్‌లో మీకు పనికొస్తాయి.