మిర్రరింగ్ పెట్టే ముందు: కార్డా, సాఫ్ట్‌వేరా?

పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు కొట్టులోనో ఆఫీసులోనో కంప్యూటర్‌కి రెండు డిస్కులు పెట్టి మిర్రరింగ్ (ఒకే డేటాని రెండు డిస్కుల్లోనూ ఒకేసారి రాయడం) చేద్దామనుకునేవాళ్లు ముందు ఇవి చూసుకోండి.

ఉన్న డేటా అంతా వేరే డిస్కులోకి కాపీ చేసేయండి, మిర్రర్ తయారయ్యేటప్పుడు డిస్కులు తుడిచిపెట్టుకుపోవచ్చు. మిర్రర్ ఉంది కదా అని తర్వాత బ్యాకప్ మానేయకూడదు కూడా: పొరపాటున డిలీట్ చేసిన ఫైలు రెండో డిస్కులోనూ అప్పుడే పోతుంది.

మిర్రరింగ్ పనిని తనే చేసే హార్డ్‌వేర్ కార్డు కొనేటట్టయితే, అది పాడైతే అదే రకం కార్డు ఎక్కడ దొరుకుతుందో ఇప్పుడే అడగండి. చాలా కార్డులు డిస్కు మీద తమ సొంత పద్ధతిలో వివరాలు రాసుకుంటాయి, వేరే కంపెనీ కార్డు వాటిని గుర్తుపట్టకపోవచ్చు, ఇక బరంపురంలోనో విశాఖలోనో వెతికి తెప్పించేదాకా కొట్టు పని ఆగినట్టే. లినక్స్‌లో ఎండీఅడ్మ్ (mdadm) అనే సాఫ్ట్‌వేర్‌తో చేసిన మిర్రర్‌కి ఆ టెన్షన్ లేదు, డిస్కులు తీసి ఇంకో లినక్స్ మెషీన్‌లో పెట్టి చదవొచ్చు. ప్రాసెసర్ మీద భారం కూడా పెద్దగా పడదు, అందుకే చిన్న కొట్టుకైతే నా ఓటు సాఫ్ట్‌వేర్‌కే. మదర్‌బోర్డు మీద ‘రెయిడ్’ (డిస్కుల్ని ఇలా జతచేసే పద్ధతి, మిర్రరింగ్ అందులో ఒక రకం) అని ఉంటే హార్డ్‌వేర్ అనుకోకండి, చాలావాటిలో అసలు పని చేసేది డ్రైవర్ సాఫ్ట్‌వేరే.

యూపీఎస్ తప్పనిసరి. కార్డులో రైట్ క్యాష్ (డిస్కు మీద రాసేముందు డేటాని కార్డు మెమరీలో కాసేపు ఉంచడం) ఆన్ చేసేముందు, కరెంటు పోతే ఆ డేటా పోకుండా కార్డుకి బ్యాటరీ ఉందో లేదో చూడండి.

బూట్‌లోడర్ (మెషీన్ ఆన్ చేయగానే సిస్టమ్‌ని లేపే చిన్న ప్రోగ్రామ్) రెండు డిస్కుల్లోనూ ఎక్కించండి. ఏ కేబుల్‌కి ఏ సీరియల్ నంబరు డిస్కు ఉందో క్యాబినెట్ మీద రాసి అంటించండి, లేకపోతే రేపు చెడినదాని బదులు మంచిది పీకేస్తారు. డిస్కు చెడితే మెయిల్ వచ్చేలా సెట్ చేసుకుని, మెషీన్ ఆపి ఒక డిస్కు తీసి ఆన్ చేసి చూడండి. లేవకపోతే లెక్కలూ బిల్లులూ అందులోకి అప్పుడే ఎక్కించకండి.