వెలిగొండల కింద మట్టిబాటల్లో ఫోర్ బై ఫోర్ బండి, ఏటీవీ తోలడం ఎలా?

నెల్లూరు నుంచి ఆత్మకూరు మీదగా ఉదయగిరి వైపు పోతా ఉంటే వెలిగొండలు గోడ కట్టినట్టు లేస్తాయి గదా, ఆ కొండల కిందగా సీతారాంపురం దాకా, దక్షిణంగా వస్తే రాపూరు, పెంచలకోన దాకా, ఉత్తరంగా పోతే ప్రకాశం వైపు భైరవకోన దాకా ఊరికీ ఊరికీ మధ్య ఎన్ని డొంకలున్నాయో చెప్పలేం. ఎద్దుల బండ్లు, మేకలు, ట్రాక్టర్లు తిరిగి పడిన దారులవి. సెలవు దొరికితే నాకు ఆ దారుల మీదే ప్రాణం. కొత్తగా థారో, జిమ్నీయో, వీ-క్రాస్ లాంటి పికప్పో కొన్నవాళ్లు ఎలా మొదలుపెట్టాలి అని అడుగుతా ఉంటారు, అందుకే ఇదంతా వరసగా రాస్తన్నా. ఒక్క సంగతి ముందే చెప్తా, ఈ పనిలో సగం తోలడం, మిగతా సగం బండి దిగి నడిచి చూడటం.

మొదటి పని: యాడికి పోకూడదో తెలుసుకోండి

ఇక్కడ కొండల్లో చాలా భాగం రిజర్వ్ ఫారెస్ట్, పెంచలకోన చుట్టూ అయితే పెనుశిల నరసింహ అభయారణ్యం కూడా ఉంది. పర్మిషన్ లేకుండా లోపలికి బండి పెడితే కేసు అవుతుంది. పైగా ఇది ఎర్రచందనం ఉండే అడవి, చీకటి పడ్డాక అడవి అంచున పికప్ కనిపిస్తే ఆపి చెక్ చేస్తారు, చెయ్యాలి కూడా, ఆ చెట్టు ప్రపంచంలో ఇంకెక్కడా సహజంగా పెరగదు, మన తూర్పు కనుమల్లో ఈ కాస్త ప్రాంతంలోనే ఉంది. ఫోన్‌లో మ్యాప్ దారి చూపిస్తది గానీ అది అడవి దారా ఊరి దారా అనేది చెప్పదు. కాబట్టి ముందే ఫారెస్ట్ రేంజ్ ఆఫీసుకి పోయి ఫలానా దారిలో పోవచ్చా అని అడగండి. లేదంటే ఊళ్ల మధ్య డొంకలు, గుడికి పోయే దారులు, తెలిసినవాళ్ల బీడు భూములు చాలు, మొదటి ఏడాదికి అవే ఎక్కువ. చేలో పైరుంటే గట్టు మీద కూడా టైరు పెట్టొద్దు, చెరువు కట్ట మీద అసలే వద్దు.

ఊరి దగ్గర ఆగి మేకలు కాసే పెద్దాయన్ని "తాతా, ఈ బాట యాడికి పోద్ది, మధ్యలో వంక ఉందా?" అని అడిగితే ఏ మ్యాప్‌లోనూ దొరకని సంగతి చెప్తాడు. నేను పోయిన దారుల్లో మంచివన్నీ అట్టా తెలిసినవే.

కాలం చూసుకోండి

మన జిల్లాకి పెద్ద వానలు అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా, ఈశాన్య రుతుపవనంలో. ఆ మూడు నెలలు కొండ కింద వంకలు నమ్మొద్దు. మనం నిలబడిన చోట చుక్క వాన లేకపోయినా పైన కొండలో కురిస్తే నిమిషాల్లో నీళ్లు దిగుతాయి. 2021 నవంబర్ వరదకి కోవూరు దగ్గర హైవేనే కోసుకుపోయింది, ఇక వంకలో మన బండెంత! ఏప్రిల్, మే ఎండల్లో బండి సంగతి అటుంచి మనిషికే కష్టం. జనవరి, ఫిబ్రవరి బాగుంటాయి, నేల గట్టిపడి ఉంటది, పొద్దున పూట చల్లగా ఉంటది.

బండిలో ఏం ఉండాలి

ఫోర్ బై ఫోర్ అంటే ఇంజిన్ బలం నాలుగు చక్రాలకీ పోయే బండి, దాంట్లో నిదానంగా పోతా ఎక్కువ బలంతో లాగే లో రేంజ్ గేర్ కూడా ఉండాలి, కొన్ని ఎస్‌యూవీల్లో ఆల్ వీల్ డ్రైవ్ అని ఉంటది, దాంట్లో లో రేంజ్ ఉండదు, అది జారుడు రోడ్డుకి సరిపోద్ది గానీ నిటారు గుట్టకి చాలదు. రోడ్డుకీ మట్టికీ రెండింటికీ పనికొచ్చే ఆల్ టెర్రైన్ టైర్లు మంచివి. ఎందుకంటే మన దగ్గర రాళ్ల కన్నా చిల్లకంపతోనే బాధ, ఆ ముల్లు టైరు పక్క గోడలో దిగిందంటే పంక్చర్ కిట్‌తో అవ్వదు, స్టెపినీ మార్చాల్సిందే. అందుకని స్టెపినీలో గాలి ఉందా లేదా ఇంటి దగ్గరే చూసుకోండి. 12 వోల్టుల గాలి పంపు, గాలి చూసే గేజ్, పార, జాకీ, జాకీ కింద పెట్టడానికి ఒక చెక్క పలక, లాగడానికి మంచి స్ట్రాప్, స్ట్రాప్‌ని హుక్కుకి తగిలించే ఇనప కొక్కేలు (షాకిల్స్) రెండు, మనిషికి 5 లీటర్ల నీళ్లు. డీజిలో పెట్రోలో ఉదయగిరిలోనో రాపూరులోనో నింపేసుకోండి, లో రేంజ్‌లో బండి బాగా తాగుతుంది. ఒక్క బండితో పోవద్దు, కనీసం రెండు. కొండ పక్కన సిగ్నల్ ఉండదు కాబట్టి ఏ దారిలో పోతున్నాం, ఎన్నింటికి తిరిగొస్తాం అనేది ఇంట్లో కాగితం మీద రాసిపెట్టి పోండి.

తారు రోడ్డు దిగగానే

మొదట గాలి తగ్గించండి. రోడ్డు మీద 32, 35 పీఎస్ఐ ఉంటే గరప నేలకి, రాళ్లకి 24 దగ్గర పెట్టుకుంటే టైరు కాస్త పరుచుకుని పట్టు బాగా వస్తది, కుదుపు తగ్గుద్ది. వంక ఇసుకలో అయితే 18 దాకా దించొచ్చు, అప్పుడు మాత్రం నిదానంగా తోలాలి, గట్టిగా తిప్పితే టైరు రిమ్ము నుంచి ఊడొస్తది.

తర్వాత ఫోర్ హై వెయ్యండి, అంటే నాలుగు చక్రాలకీ బలం, గేర్లు మామూలువే. మామూలు మట్టిబాటకి అది చాలు. నిటారు ఎక్కుడు, దిగుడు, పెద్ద గుండ్ల మధ్య అయితే బండి ఆపి ఫోర్ లో, అంటే నాలుగు చక్రాలతో లో రేంజ్. థార్ లాంటి బండ్లలో ఈ రెండూ ఆరిన తారు రోడ్డు మీద వెయ్యకూడదు, మలుపులో ముందు చక్రాలు ఒక దూరం, వెనక చక్రాలు ఇంకో దూరం తిరుగుతాయి గదా, మట్టిలో అయితే టైరు కాస్త జారి సర్దుకుంటది, తారు మీద జారదు, ఆ బలమంతా గేర్ల మీద పడి బిగుసుకుంటది.

స్టీరింగ్ పట్టుకునేటప్పుడు బొటనవేళ్లు లోపలికి చుట్టొద్దు, రాయి తగిలి చక్రం ఒక్కసారిగా తిరిగితే వేలు విరుగుద్ది.

ఎక్కడం, దిగడం

గుట్ట ఎక్కేముందు దిగి పైదాకా నడవండి. పైన ఏముందో, తిప్పుకునే చోటుందో లేదో చూడకుండా ఎక్కొద్దు. ఎక్కేటప్పుడు నేరుగా, ఒకే వేగంతో, మధ్యలో గేర్ మార్చకుండా. సగంలో ఆగిపోతే, ఇది బాగా గుర్తుపెట్టుకోండి, బండిని పక్కకి తిప్పే ప్రయత్నం చెయ్యొద్దు, అడ్డంగా అయిన బండి దొర్లుద్ది. బ్రేక్ తొక్కి, రివర్స్ గేర్ వేసి, వచ్చిన దారినే నేరుగా వెనక్కి దిగాలి. న్యూట్రల్‌లో జారవిడవొద్దు.

దిగేటప్పుడు ఫోర్ లో, ఒకటో గేర్, క్లచ్ మీద కాలు తీసేసి ఇంజిన్‌నే బండిని పట్టుకోనివ్వండి. బ్రేక్ తొక్కుతానే దిగితే కాసేపటికి బ్రేకులు కాలి పట్టు పోతుంది.

వంక దాటేముందు చెప్పులిప్పి నడిచి దాటండి. మోకాలు దాటి నీళ్లుంటే, లేదా నీళ్ల తోపుకి కాలు నిలవకపోతే వెనక్కి తిరగండి. థార్‌కి 650 మిల్లీమీటర్ల లోతు దాకా పర్లేదని కంపెనీ చెప్తది, అది నిలవ నీళ్ల లెక్క అనుకోండి, పారే నీళ్లలో అంతకన్నా తక్కువకే బండి కొట్టుకుపోద్ది.

కూరుకుపోతే

ఎక్సిలరేటర్ తొక్కొద్దు. చక్రం తిరిగేకొద్దీ ఇంకా లోపలికి పోద్ది. నాకు మొదటి ఏడాది సీతారాంపురం దగ్గర వంక ఇసుకలో ఇదే అయింది, భయంతో తొక్కినా, రెండు నిమిషాల్లో చాసిస్ ఇసుక మీద కూర్చుంది. అప్పుడే గాలి తగ్గించి చక్రాల ముందర ఇసుక తీసుంటే బయటికి వచ్చేదే. ఊళ్లో నుంచి ఒకన్న ట్రాక్టర్ తెచ్చి లాగాడు, డీజిల్‌కి కూడా డబ్బులు తీసుకోలేదు.

ట్రాక్టర్‌తో లాగించుకోవాల్సి వస్తే గొలుసు మన బండికి చాసిస్‌కి ఉన్న హుక్కుకే తగిలించాలి, బంపర్‌కి కాదు, బండి వెనక బంతి లాంటి టో బాల్‌కి అసలే కాదు, అది ఊడితే గుండులా వచ్చి తగులుద్ది. ట్రాక్టర్‌కి వెనక కింద ఉండే లాగుడు కడ్డీకే (డ్రాబార్) కట్టాలి, పైన కడితే ముందు చక్రాలు లేచి వెనక్కి పడుద్ది. గొలుసుతో కుదుపు ఇవ్వొద్దు, మెల్లగా బిగించి లాగాలి. గొలుసు మధ్యలో మట్టి నింపిన గోతం వెయ్యండి, తెగితే ఎగరకుండా ఉంటది. చూసేవాళ్లు, ముఖ్యంగా పిల్లకాయలు, దూరంగా పక్కకి ఉండాలి.

ఏటీవీ అయితే

ఏటీవీ అంటే మోటార్ సైకిల్ లాగా పైన కూర్చుని తోలే నాలుగు చక్రాల చిన్న బండి. చాలావరకు ఏటీవీలకి మన దగ్గర రోడ్డు రిజిస్ట్రేషన్ ఉండదు, కాబట్టి తారు రోడ్డు మీద తోలకూడదు, పికప్‌లో ఎక్కించుకుపోయి పొలం యజమాని ఒప్పుకున్న బీడులో దించాలి. దాని టైర్లలో గాలి 5 పీఎస్ఐ దగ్గరే ఉంటది, సరిగ్గా ఎంతో బండి మీద రాసుంటది చూసి పెట్టండి. హెల్మెట్, గ్లౌజులు, బూట్లు లేకుండా ఎక్కొద్దు. ఒక మనిషి బండి మీద ఇద్దరు ఎక్కొద్దు, ఎందుకంటే దీంట్లో ఒంటి బరువే సగం స్టీరింగ్. ఎక్కుడులో ముందుకి వంగాలి, దిగుడులో వెనక్కి జరగాలి, ఏటవాలులో పోయేటప్పుడు పైవైపుకి ఒరగాలి. కాళ్లు ఎప్పుడూ బండికి ఉన్న పాదాల పీటల మీదే, బండి ఒరుగుతా ఉందని కాలు కింద పెడితే వెనక చక్రం పాదం మీదెక్కుద్ది. పిల్లలకి పెద్ద ఏటీవీ ఇవ్వొద్దు, ఎంత ఏడ్చినా సరే.

తిరిగొచ్చేటప్పుడు

మేకల మంద ఎదురైతే ఇంజిన్ ఆపేసి నిలబడండి, హారన్ కొడితే చెదిరి ఆ కాపరికి సాయంత్రం దాకా ఏరుకునే పని పడుద్ది. మధ్యలో చేను గేటు తీసుంటే మళ్లీ మూసి రండి. తారు రోడ్డు ఎక్కేముందు టూ హైలోకి, అంటే రెండు చక్రాల మీదకి మార్చి, పంపుతో నాలుగు టైర్లకీ గాలి మళ్లీ 32కి ఎక్కించండి, అది ఎక్కే లోపల కూర్చుని టైరు గోడలు చేత్తో తడిమి చూడండి, చిల్లకంప ముల్లు ఉంటే అప్పుడే తగులుద్ది, అది నెల్లూరు దారిలో అరవై స్పీడులో బయటపడే కన్నా ఇక్కడే బయటపడితే మేలు.